పట్వారీ దస్తరం నుంచి గిట్ దాకా

తెలుగు వికీపీడియాలో కాస్త చేయి తిరిగినవారికి "చరిత్ర" అన్న ట్యాబు తెలిసే ఉంటుంది. దాన్ని నొక్కితే పేజీకి చెందిన తాజా కూర్పు, అంతకు ముందరి కూర్పు, ఆ పైది, అలా మొట్టమొదటి అక్షరం పడ్డ రోజు దాకా వరుసగా కనబడతాయి. ఎవరు దిద్దారు, ఎప్పుడు దిద్దారు, ఎందుకు దిద్దారు అన్న మూడు ప్రశ్నలకూ ప్రతి వరుసలో జవాబు ఉంటుంది. సాఫ్టువేరు రాసేవారు తమ ప్రోగ్రాములకు ఇలాంటి చరిత్రనే దాచుకునే పద్ధతికి వెర్షన్ కంట్రోల్ అని పేరు. ఈ టపాలో నేను దాన్ని కూర్పుల నియంత్రణ అని పిలుస్తాను.

నేను సీవీఎస్, సబ్‌వర్షన్, గిట్ అనే మూడు పనిముట్లను ఈ వరుసలోనే నేర్చుకున్నాను. ఆదేశాలు బట్టీ పట్టడం పెద్ద పని కాదు. పాత కూర్పును దాచుకోవడమూ కష్టం కాదు. అసలు కష్టమల్లా, రెండు చోట్ల వేరువేరుగా పెరిగిన చరిత్రలను ఒకటిగా కలపడంలో ఉంది. ఈ కష్టాన్ని వివరించడానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల భూమి లెక్కల కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. కంప్యూటరు పుట్టక ముందే ఇక్కడి రెవెన్యూ యంత్రాంగం ఈ సమస్యలన్నిటినీ ఎదుర్కొంది. కొన్నిటికి చక్కని పరిష్కారాలు కనిపెట్టింది. కొన్నిటిలో రైతు నష్టపోయాడు.

మొదటి సాలార్ జంగ్ సంస్కరణల దరిమిలా, పంతొమ్మిదో శతాబ్దపు చివరి పాదంలో నిజాం రాజ్యంలో భూముల సర్వే, సెటిల్‌మెంటు మొదలయ్యాయి. సర్వే ముగిసిన గ్రామానికి తయారైన మొదటి శాశ్వత రిజిస్టరు సేత్వార్. ఏ సర్వే నంబరుకు ఎంత విస్తీర్ణం, ఎంత శిస్తు, ఎవరి పట్టా అన్నది అందులో ఉంటుంది. తరువాత సర్వే నంబరు ముక్కలైతే అనుబంధ సేత్వార్ రాసేవారు. ప్రతి ఫసలీ సంవత్సరం గ్రామంలో ఏ భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఏ పంట వేశారు అన్నది పహాణీలో కొత్తగా నింపేవారు. జమాబందీలో మంజూరైన మార్పులను మాత్రం ఫైసల్ పట్టీ అనే వేరే రిజిస్టరులో ఎక్కించేవారు.

కూర్పుల నియంత్రణ తెలిసినవారికి ఈ మూడు రిజిస్టర్లను చూడగానే ఒక సంగతి తడుతుంది. సేత్వార్ అన్నది మొదటి కూర్పు. పహాణీ అన్నది ఏడాదికొకసారి తీసిన పూర్తి ఛాయాచిత్రం. ఫైసల్ పట్టీ అన్నది మార్పుల చిట్టా. ఒక వస్తువు చరిత్రను దాచడానికి లోకంలో ఉన్న దారులు రెండే: ప్రతిసారీ మొత్తం మళ్ళీ రాసుకోవడం, లేదా తేడాలను మాత్రమే రాసుకోవడం. నిజాం రెవెన్యూ శాఖ రెండూ చేసింది. ఒకదానిలో తప్పు దొరలితే రెండోదానితో సరిచూసుకునే వీలు అందువల్ల కలిగింది.

సాఫ్టువేరు లోకం ఈ దారి పట్టింది 1972లో. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న మార్క్ రాచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రామును తయారుచేశాడు. ప్రతి వరుస ఏ కూర్పులో చేరింది, ఏ కూర్పులో పోయింది అన్న గుర్తులతో ఒకే దస్త్రంలో అన్ని కూర్పులనూ అల్లి ఉంచడం దాని పద్ధతి. పదేళ్ళ తరువాత, 1982లో, పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్‌ను తెచ్చాడు. అతడి ఆలోచన సులువైనది: అందరూ ఎక్కువగా అడిగేది తాజా కూర్పునే కాబట్టి దాన్ని పూర్తిగా ఉంచి, పాతవాటిని చేరడానికి వెనక్కి నడిచే తేడాలను మాత్రం దాచాలి. ఆర్‌సీఎస్‌లో కూర్పులకు 1.1, 1.2 అని నంబర్లు పడతాయి. 1.2 దగ్గర శాఖ చీలితే ఆ శాఖలో మొదటి కూర్పు 1.2.1.1 అవుతుంది. మన పాసుపుస్తకాల్లో 45 నంబరు చీలి 45/అ, 45/ఆ అయి, అందులో మళ్ళీ 45/అ/1 పుట్టడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. నంబరు చదివితే వంశవృక్షం తెలియాలన్నదే రెండుచోట్లా ఉద్దేశం.

ఈ రెండు పనిముట్లకూ ఒక పరిమితి ఉండేది. ఒకరు ఒక దస్త్రాన్ని దిద్దడానికి తీసుకుంటే దానికి తాళం పడేది. వారు తిరిగి అప్పగించేదాకా మిగతావారు చదువుకోవచ్చు గానీ దిద్దకూడదు. తెలంగాణ పల్లెలో ఈ తాళం పేరు పట్వారీ. కంప్యూటరు ఫైలుకు మన వికీపీడియనులు ఎంచుకున్న దస్త్రం అన్న మాట, పట్వారీ గుడ్డలో మూటకట్టి ఇంట్లో పెట్టుకున్న దస్తరం ఒకటే. దిద్దే హక్కు ఒక్కరిదే కావడం వల్ల లెక్క గజిబిజి కాలేదు, నిజమే. కానీ ఆ ఒక్కరు ఏమి దిద్దారో ఊరికి తెలిసే దారి లేకపోయింది. వంశపారంపర్యంగా సాగిన ఈ పటేలు-పట్వారీ వ్యవస్థను 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రద్దు చేసింది.

తాళం లేకుండా పనిచేసే దారి సాఫ్టువేరులో దాదాపు అదే కాలంలో తెరుచుకుంది. ఆమ్‌స్టర్‌డాంలో అధ్యాపకుడైన డిక్ గ్రూన్, ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక కంపైలరు రాస్తున్నాడు. ముగ్గురివీ వేరువేరు పనివేళలు. ఒకరి తాళం కోసం మరొకరు కాచుకోకుండా ఉండేందుకు 1986లో ఆర్‌సీఎస్ పైన కొన్ని స్క్రిప్టులు పేర్చి సీవీఎస్‌ను తయారుచేశాడు. 1989లో బ్రయన్ బెర్లినర్ దాన్ని సీ భాషలో తిరగరాశాడు. ప్రతి ఒక్కరూ తమ ప్రతిని తీసుకుని దిద్దుకోవచ్చు. తిరిగి అప్పగించేటప్పుడు ఇద్దరూ ఒకే వరుసను మార్చి ఉంటేనే గొడవ. వికీపీడియాలో మనకు ఎదురయ్యే "దిద్దుబాటు ఘర్షణ" ఇదే. ప్రపంచంలోని స్వేచ్ఛా సాఫ్టువేరు చాలావరకు 1990లలో సీవీఎస్ మీదనే పెరిగింది.

సీవీఎస్‌కు ఉన్న పెద్ద లోపం, ఒకే పనిలో భాగంగా పది దస్త్రాలను మారిస్తే వాటిని పది వేరువేరు మార్పులుగా చూడటం. మధ్యలో తీగ తెగితే ఐదు చేరి ఐదు చేరకుండా మిగిలిపోవచ్చు. భూమి లెక్కల్లో దీనికి పోలిక దస్తావేజుకూ మ్యుటేషనుకూ మధ్య ఎడం. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం కింద అమ్మకం దస్తావేజు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదయ్యేది. పట్టా పేరు మార్చేది మాత్రం రెవెన్యూ శాఖ. డబ్బు ఇచ్చి, దస్తావేజు తీసుకుని, మ్యుటేషను చేయించుకోకుండా తరం గడిపిన కుటుంబాలు ఈ ప్రాంతంలో కోకొల్లలు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలైతే ఏ కార్యాలయానికీ చేరనేలేదు.

నల్లగొండ జిల్లాకు దేశమంతటా పేరు తెచ్చిన సంఘటనలోనూ ఈ ఎడమే కనబడుతుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానం ప్రకటించారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. తరువాత 1965లో భూదాన, గ్రామదాన చట్టం కూడా వచ్చింది. అయినా ఉద్యమంలో వచ్చిన భూములు చాలాచోట్ల రికార్డుల్లో దాతల పేరునో, వారి వారసుల పేరునో ఉండిపోయి, తరువాత చేతులు మారాయి. నోటితో జరిగిన మార్పు ఖజానాకు ఎక్కలేదు. ప్రోగ్రాము రాసేవారి పరిభాషలో చెప్పాలంటే, దిద్దుబాటు జరిగింది గానీ కమిట్ జరగలేదు.

2000లో కొల్లాబ్‌నెట్ సంస్థ ఆసరాతో మొదలై 2004 ఫిబ్రవరిలో 1.0 కూర్పుకు చేరిన సబ్‌వర్షన్ ఈ లోపాన్ని సరిదిద్దింది. ఎన్ని దస్త్రాలు మార్చినా అదంతా ఒకే మార్పు. చేరితే మొత్తం చేరుతుంది, లేకుంటే ఏదీ చేరదు. మొత్తం ఖజానాకు ఒకే వరుస నంబరు. కానీ ఖజానా మాత్రం ఒకే సర్వరులో ఉంటుంది. సర్వరు అందకపోతే చరిత్ర అందదు.

ఆ పరిమితిని దాటించినది గిట్. లినక్స్ కెర్నెల్ బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్టువేరును ఉచితంగా వాడుకునేది. 2005లో ఆ అనుమతి రద్దయింది. లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లోనే గిట్‌ను మొదలుపెట్టి, జులైలో దాని నిర్వహణను జునియో హమానోకు అప్పగించాడు. అదే ఏప్రిల్‌లో, అదే కారణంతో మాట్ మెకాల్ మెర్క్యూరియల్‌ను తెచ్చాడు. వీటిలో ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. గిట్ ప్రతి కూర్పునూ పహాణీలాగా పూర్తి ఛాయాచిత్రంగా తీసి, దాని సారం నుంచి లెక్కించిన 40 అక్షరాల ముద్రతో గుర్తిస్తుంది. ప్రతి కూర్పులో దాని తల్లి కూర్పు ముద్ర కూడా ఉంటుంది. కాబట్టి ఎప్పటిదో పాత కూర్పులో ఒక్క అక్షరం మార్చినా, దాని తరువాతి ముద్రలన్నీ మారిపోయి గుట్టు బయటపడుతుంది. భూమి లెక్కలో దీనికి దగ్గరి పరీక్ష ఒకటుంది. ఒక సర్వే నంబరులోని ముక్కలన్నిటి విస్తీర్ణం కూడితే సేత్వార్‌లోని విస్తీర్ణానికి సరిపోవాలి. ఎక్కువైతే ఎక్కడో ఎవరో ఏదో చేశారన్నమాట.

ఇక కలపడం సంగతికి వస్తాను. ఈ జిల్లాలకు చీలడమూ కలవడమూ కొత్త కాదు. 1949లో జాగీర్లు రద్దయి, గద్వాల, వనపర్తి, కొల్లాపురం వంటి సంస్థానాల గ్రామాలు దివానీలో చేరాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాయచూరు జిల్లా నుంచి గద్వాల, ఆలంపురం తాలూకాలు, గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్ తాలూకా మహబూబ్‌నగర్‌లో కలిశాయి. 2016 అక్టోబరు 11న అదే మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు చీలాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి చీలాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరయింది. చీలేటప్పుడు లెక్క సులువు: రెండు శాఖలకూ మూలం ఒకటే, అది ఎక్కడుందో అందరికీ తెలుసు. కలిసేటప్పుడే చిక్కు. దివానీ గ్రామపు లెక్క ఒక తీరు, జాగీరు గ్రామపు లెక్క ఇంకో తీరు. అందుకే 1954-55లో గ్రామగ్రామానా తయారైన ఖాస్రా పహాణీకి అంత విలువ వచ్చింది. వేరువేరు దారుల్లో వచ్చిన గ్రామాలన్నిటికీ ఒకే నమూనాలో రాసిన కొత్త ఉమ్మడి మూలం అది. ఇప్పటికీ హక్కు వివాదం వస్తే కోర్టులు దాన్ని చూస్తాయి.

ఉమ్మడి మూలం ఎందుకు అవసరమో చిన్న లెక్కతో చెబుతాను. ఒక రైతుకు 4 ఎకరాల 20 గుంటల భూమి ఉందనుకుందాం. అతడు 2 ఎకరాలు అమ్మి దస్తావేజు చేయించాడు; మ్యుటేషను జరగలేదు. అతడు పోయాక ఇద్దరు కొడుకులు విరాసతు చేయించుకున్నారు. రెవెన్యూ రికార్డులో ఒక్కొక్కరికి 2 ఎకరాల 10 గుంటలు పడింది. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి కలిపితే కొన్నవాడికి 2 ఎకరాలు, కొడుకులకు 4 ఎకరాల 20 గుంటలు, మొత్తం 6 ఎకరాల 20 గుంటలు అవుతుంది. లేని 2 ఎకరాలు కాగితం మీద పుట్టాయి. మూలం ఏమిటో, ఏ మార్పు ముందో ఏది వెనుకో తెలిస్తే సమాధానం ఒక్క నిమిషంలో తేలుతుంది: కొన్నవాడికి 2 ఎకరాలు, మిగిలిన 2 ఎకరాల 20 గుంటల్లో కొడుకులకు ఎకరం 10 గుంటల చొప్పున. గిట్ చేసే మూడు వైపుల విలీనం అచ్చంగా ఇదే. రెండు కొత్త కూర్పులను మాత్రమే పోల్చదు. వాటి ఉమ్మడి పూర్వికుడిని వెతికి, ఎవరు దేన్ని మార్చారో చూస్తుంది. ఇద్దరూ ఒకే చోటు మార్చి ఉంటే తాను తీర్పు చెప్పదు. ఘర్షణ అని గుర్తుపెట్టి మనిషికి వదిలేస్తుంది.

ఆలంపురం దిగువన తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. ఆ తరువాత పారేది కృష్ణ ఒక్కటే; ఏ నీరు ఎక్కడిదో చెప్పలేము. కూర్పుల విలీనం అలా జరగకూడదు. గిట్‌లో కలిసిన కూర్పుకు ఇద్దరు తల్లుల ముద్రలూ ఉంటాయి. సంగమం దాటాక కూడా ఏ పాయలోకైనా వెనక్కి నడవవచ్చు.

ఒక పనిముట్టులోని రెండు శాఖలకే ఇంత జాగ్రత్త కావలసినప్పుడు, వేరువేరు పనిముట్లలో పెరిగిన చరిత్రలను కలపడానికి ఇంకెంత కావాలి? పైథాన్ భాష సీవీఎస్ నుంచి 2005లో సబ్‌వర్షన్‌కు, 2011లో మెర్క్యూరియల్‌కు, 2017లో గిట్‌కు మారింది. ప్రతి మజిలీలోనూ పాత చరిత్రను మోసుకెళ్ళింది. వికీపీడియాను నడిపే మీడియావికీ సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు వచ్చింది 2012లో. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలో మైక్రోసాఫ్ట్, విండోస్ మూలాన్ని 2017 నాటికి గిట్‌లోకి తెచ్చింది. అంతకు ముందు నలభైకి పైగా ఖజానాల్లో చెల్లాచెదురుగా ఉన్నది సుమారు 35 లక్షల దస్త్రాలు, 300 గిగాబైట్ల ఒకే ఖజానా అయింది. అంత బరువును మామూలు గిట్ మోయలేక, అవసరమైన దస్త్రాన్ని అవసరమైనప్పుడే తెచ్చే కొత్త ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.

రెండు పనిముట్లను ఒకేసారి వాడిన బృందాలూ ఉన్నాయి. కేడీఈ ప్రాజెక్టు తన ప్రోగ్రాములను 2010 తరువాత గిట్‌కు మార్చినా, అనువాదాలను సబ్‌వర్షన్‌లోనే కొనసాగించింది. కాబట్టి దాన్ని తెలుగులోకి తెచ్చే అనువాదకుడు రెంటి మర్యాదా తెలుసుకోవలసి వచ్చేది. ఇలాంటివారికి గిట్-ఎస్‌వీఎన్ అనే వంతెన ఉపయోగపడింది. సర్వరులో సబ్‌వర్షన్, తన కంప్యూటరులో గిట్. ఆ వంతెన ప్రతి కూర్పు వివరణ చివర, ఇది సబ్‌వర్షన్‌లో ఫలానా నంబరు అని ఒక వరుస రాసి పెడుతుంది. చూడటానికి చిన్న సంగతి. కానీ రెండు లోకాలకూ లంకె ఆ వరుసే. కొత్తగా నేర్చుకునేవారికి నేను చెప్పేది కూడా ఇదే: ఆదేశాల జాబితాకు ముందు, మూలం, శాఖ, విలీనం, ఘర్షణ అన్న నాలుగు మాటలు అర్థం చేసుకోండి. పనిముట్టు మారినా ఆ నాలుగూ మారవు.

ఇప్పుడు తెలంగాణలో జరిగిన పెద్ద విలీనాన్ని ఈ నాలుగు మాటలతో చూద్దాం. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని భూములు పార్ట్-ఎ లోనూ, ఉన్నవి పార్ట్-బి లోనూ పడ్డాయి. 2020లో కొత్త చట్టం వచ్చింది. ఆ అక్టోబరు 29న ధరణి పోర్టలు ప్రారంభమైంది. తహసీల్దారే వ్యవసాయ భూములకు రిజిస్ట్రారు కూడా అయ్యాడు. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే పూటలో, ఒకే చేతి మీదుగా ముగిసే ఏర్పాటు ఇది. సబ్‌వర్షన్ సాధించిన గుణాన్నే ఇది భూమి లెక్కకు తెచ్చింది. దస్తావేజుకూ పట్టాకూ మధ్య తరాలు గడిచిన ప్రాంతంలో అది చిన్న మేలు కాదు.

అయితే విలీనం విషయంలో ధరణి గిట్ దారి పట్టలేదు. ఘర్షణ ఉన్నవాటిని పరిష్కరించకుండా పార్ట్-బి లో పక్కన పెట్టడంతో వారికి పాసుపుస్తకం రాలేదు. దానికి ముడిపడిన రైతుబంధు కూడా అందలేదు. పహాణీలో తరతరాలుగా ఉన్న అనుభవదారు గడి కొత్త రికార్డులో లేకుండా పోయింది. పట్టా ఒకరిది, దుక్కి ఒకరిది అయిన చోట, సాయుధ పోరాటం నడిచిన నల్లగొండలో, వలసలకు పేరుపడ్డ పాలమూరులో, ఆ గడి ఒక్కటే దున్నేవాడికి సాక్ష్యం. రెవెన్యూ కోర్టులు రద్దు కావడంతో, తప్పును కింది స్థాయిలోనే అప్పీలు చేసి సరిచేయించుకునే దారి మూసుకుపోయింది. తాజా ఛాయాచిత్రం మిగిలింది. అది ఎలా తయారైందన్న చరిత్ర పాత కాగితాల్లో, తెర వెనుక ఉండిపోయింది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీలు వ్యవస్థ తిరిగి ఏర్పడింది. ప్రయోగాత్మకంగా ముందుగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని మద్దూరు ఒకటి. దాని మంచిచెడ్డలు తేల్చడానికి కొంత కాలం పట్టాలి. సేత్వార్‌తో మొదలై ఖాస్రా పహాణీ, ఫైసల్ పట్టీ, ప్రక్షాళన, ధరణి దాకా ప్రతి మార్పునూ ఒక సర్వే నంబరు కింద వరుసగా, తేదీతో, మార్చిన అధికారి హోదాతో, కారణంతో చూపగలిగితే అది నిజమైన విలీనం. వికీపీడియాలో ఒక కుగ్రామం పేజీకి కూడా మనం ఆ పాటి చరిత్రను ఇస్తున్నాం. ఆ ఊరి రైతు నాలుగెకరాలకు అంతకంటే తక్కువ చాలదు.

పహాణీలో పట్టాదారు పేరు పక్కన తండ్రి పేరు రాసే ఆచారం ఉంది. ఒకే పేరున్న ఇద్దరిని వేరు చేయడానికి మన పెద్దలు ఎంచుకున్న ఉపాయమది. గిట్ కూడా ప్రతి కూర్పులో తల్లి కూర్పు పేరు రాయకుండా ముందుకు కదలదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కూర్పు ఎంత కొత్తదైనా దాన్ని నమ్మడం కష్టమని, నూరేళ్ళ ఎడంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ గ్రహించారు.